పలక మీద ఎముక

1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ గురించి ఒక వ్యాసం వచ్చింది. రాసినవాళ్లు నలుగురు: షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్. షార్ట్ అప్పట్లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందినవాడు. మలేరియా క్రిమి మొదట కాలేయంలో దాక్కుంటుందని 1948లో గార్న్‌హామ్‌తో కలిసి కనిపెట్టింది ఈ షార్టే. బర్నార్డ్ ఎక్స్‌రే మనిషి. మద్రాసులో 1934లో తెరిచిన రేడియాలజీ సంస్థకు ఆయన పేరే పెట్టారు. 1937లోనే షార్ట్, సి.జి. పండిట్, రాఘవాచారి కలిసి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ఇంకో వ్యాసం రాశారు. అందులో జిల్లా పేరు కూడా ఉంది: నెల్లూరు.

అప్పటి నెల్లూరు జిల్లా అంటే ఇప్పటి నెల్లూరు కాదు. దర్శి, పొదిలి, కనిగిరి అందులోనే ఉండేవి. నీళ్లలో ఫ్లోరైడ్ మనిషి ఎముకలను ఏం చేస్తుందో మన దేశంలో మొదట నమోదైంది ఈ వైపే. మనుషులకంటే ముందు ఎడ్ల నడకలో తేడాను దర్శి వైపు రైతులు గమనించారని చెబుతారు. గట్టు మీద కూర్చుని ఎద్దు కాలు చూసి, ఇది మేత రోగం కాదు అనుకున్న రైతు పేరు ఏ వ్యాసంలోనూ ఉండదు, అది వేరే సంగతి.

ఆ వ్యాసాల తర్వాత ఫ్లోరోసిస్ ఎక్స్‌రే వైద్య పాఠంలో ఒక భాగం అయింది. చూడటం నేర్పితే పది నిమిషాల్లో పట్టుబడే బొమ్మ అది. వెన్నెముక, కటి ఎముకలు మామూలుకంటే దట్టంగా, సుద్ద పూసినట్టు తెల్లగా ఉంటాయి. పూసల మధ్య కట్టే నారలు కూడా ఎముకలా గట్టిపడి ఉంటాయి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పల్చటి పొర సున్నం పట్టి, రంపపు పళ్లలా కనిపిస్తుంది. ఆ ముంజేయి బొమ్మ ఒక్కటి చాలు, ఫ్లోరోసిస్ అని చెప్పడానికి. 1955లో సిద్దిఖీ నల్లగొండ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాక ఆ జిల్లా పేరు ఈ జబ్బుకి అతుక్కుపోయింది. అంతకు 18 ఏళ్ల ముందే దర్శి, కనిగిరి వైపు జబ్బు గురించి కాగితం మీదికి ఎక్కిందన్నది చాలామందికి తెలియదు.

ఈ వ్యాసం ఫ్లోరైడ్ గురించి కాదు. బోధన పరికరాల గురించి, వాటిని నడిపించే మనుషుల గురించి. కానీ పశ్చిమ ప్రకాశంలో ఆ మాట ఎత్తాలంటే ముందు ఈ లెక్క చెప్పాలి. వైద్య కళాశాల రాకముందే ఈ ప్రాంతం వైద్య విద్యకు రెండు వస్తువులు ఇచ్చింది. ఒకటి ఎక్స్‌రే బొమ్మ. రెండోది పలక.

పలక సంగతి మీకు తెలిసే ఉంటుంది. కనీసం అమ్మానాన్నలకు తెలుసు. నల్లటి రాయి, చుట్టూ చెక్క చట్రం, ఒక మూల బలపానికి దారం. అది మార్కాపురం నుంచి వచ్చిందని ఎవరూ చెప్పకపోయినా, తెలుగునాట చాలామంది దిద్దిన ఓనమాలు ఈ ఊరి రాతి మీదివే. నల్లమల కింద పొరలు పొరలుగా ఉన్న ఈ రాతిని భూగర్భ శాస్త్రవేత్తలు కంభం పేరుతో పిలుస్తారు. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాతి పొరల మీద రాసిన పెద్ద పుస్తకం దగ్గర్నుంచీ ఆ పేరు నడుస్తోంది. కంభం అంటే మనకు చెరువు గుర్తొస్తుంది, వాళ్లకు రాయి.

పలక తయారీలో యంత్రం పాత్ర చాలాకాలం తక్కువే. బండను తవ్వి తీయాలి. ఉలి అంచు పెట్టి మెల్లగా కొడుతూ పొరలు విడదీయాలి. ఇక్కడే పనితనం అంతా, ఎక్కువ కొడితే పగులుతుంది, తక్కువ కొడితే విడదు. తర్వాత సైజుకి కోయడం, నునుపు చేయడం, చట్రం బిగించడం. ఆ దుమ్ము ఎక్కడికి పోతుంది? మనిషి ఊపిరితిత్తుల్లోకి. రాతి దుమ్ము పీల్చితే వచ్చే సిలికోసిస్‌కి కూడా ఛాతీ ఎక్స్‌రే మీద తనదైన బొమ్మ ఉంది. అది కూడా పాఠమే.

ఇంకొకటి. 1987లో బాలకార్మిక విధానం వచ్చాక కేంద్రం కొన్ని పరిశ్రమలను ఎంచుకుని ప్రత్యేక ప్రాజెక్టులు పెట్టింది. శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజులు, జైపూర్ రాళ్ల సాన. ఆ జాబితాలో మార్కాపురం పలకలు కూడా ఉన్నాయి. దేశంలోని పిల్లలు రాసుకోవడానికి పలకలు చేసిన చోట, పలక పట్టాల్సిన పిల్లలు పనిలో ఉన్నారన్నమాట. బోధన పరికరాల చరిత్ర రాసేవాళ్లు పరికరం ఎవరు కనిపెట్టారో రాస్తారు, తరగతిలో ఎలా వాడారో రాస్తారు. అది ఎక్కడ, ఎవరి చేతుల్లో తయారైందో రాయరు. ఆండ్రూ బెల్ మద్రాసు ఎగ్మూరులో వీధి బడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి, ఆ పద్ధతిని తన అనాథ బడిలో పెట్టి, 1797లో లండన్‌లో పుస్తకం అచ్చేశాడు. అది 'మద్రాసు పద్ధతి' అని ఇంగ్లండంతా పాకింది. బెల్ పేరు అందరికీ తెలుసు. ఇసుకలో దిద్దిన పిల్లల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

వైద్య కళాశాలలో ఈ పేరులేని మనుషుల వరస పెద్దది. నాకు ఇది పుస్తకాల వల్ల తెలిసింది కాదు. కొన్నేళ్లు ఒక వైద్య కళాశాలలో ఆడియో విజువల్ గదిలో పనిచేశాను. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఆ గదిలో నా సీనియర్ ఒకాయన ఉండేవారు. నేను చేరేనాటికి రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు. ఆయన చేసిన ఉద్యోగాల్లో చాలా వాటికి ఇప్పుడు పేర్లు కూడా లేవు.

ఆయన చెప్పిన వరసలోనే చెప్తాను. మొదట నల్లబోర్డు, రంగు సుద్దలు. అనాటమీ ప్రొఫెసర్ అంటే రెండు చేతులతో బొమ్మ వేయగలిగిన మనిషి అని పేరుండేది. ధమని ఎరుపు, సిర నీలం, నరం పసుపు. గంట అయ్యేసరికి బోర్డు మీద చంక లోపలి భాగం మొత్తం తయారయ్యేది. తర్వాతి గంట కోసం తుడిచేసేవాళ్లు. విద్యార్థి ఆ బొమ్మతో పాటే తన పుస్తకంలో వేసుకుంటూ వచ్చేవాడు కాబట్టి, బోర్డు వేగం చేతి వేగాన్ని దాటేది కాదు. దీన్ని గొప్ప చేసి చెప్పడం నాకిష్టం లేదు, ఎందుకంటే వెనక బెంచీ వాళ్లకు ఏమీ కనిపించేది కాదు. కానీ కరెంటు పోయినా పాఠం ఆగేది కాదు.

బోర్డుతో పాటు చార్టులు. గుడ్డ అతికించిన కాగితం మీద ఇండియన్ ఇంకుతో, నీటి రంగులతో వేసినవి. వాటిని వేసే ఆర్టిస్టు కళాశాల ఉద్యోగి. ఇది ఎవరో దయతలచి పెట్టుకున్న పోస్టు కాదు. మెడికల్ కౌన్సిల్ 1999 నిబంధనల్లో కూడా ప్రతి కళాశాలకూ కేంద్ర ఫోటోగ్రఫీ, ఆడియో విజువల్ విభాగం ఉండాలని, స్టూడియో, డార్క్‌రూమ్, ఫోటోగ్రాఫరు, ఆర్టిస్టు, మోడలర్, డార్క్‌రూమ్ అసిస్టెంటు, ఆడియో విజువల్ టెక్నీషియన్లు ఉండాలని రాసి ఉంది. మోడలర్ అంటే మైనంతో, ప్లాస్టర్‌తో గుండెను, చెవిని పెద్దది చేసి చూపించే మనిషి.

ఆ తర్వాత 35 ఎంఎం స్లయిడు. దీని గురించి మా సీనియర్ గంటలు మాట్లాడగలరు. స్లయిడును తిన్నగా పట్టుకుని చూసినప్పుడు కింద ఎడమ మూలన ఒక చుక్క పెట్టాలి. ప్రొజెక్టరులో పెట్టేటప్పుడు తలకిందులు చేసి, కుడి బొటనవేలు ఆ చుక్క మీద పడేలా పట్టుకోవాలి. ఆ చుక్క లేకపోతే కాలేయం ఎడమకు వెళ్తుంది, వెనక బెంచీలోంచి ఈల వస్తుంది. వానాకాలంలో స్లయిడ్లకు బూజు పడుతుంది. బూజు కూడా తెర మీద పెద్దదై కనపడుతుంది. ఒక మైక్రోబయాలజీ మేడమ్ దాన్నీ పాఠంలో కలిపేసుకున్నారట, ఇదీ ఫంగసే చూడండి అని.

తర్వాత ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు, పారదర్శక షీట్లు. ఆ తర్వాత నేను చేరిన కాలం, ఎల్‌సీడీ ప్రొజెక్టరు, పవర్‌పాయింట్. దీనితో ఒక మార్పు వచ్చింది, అది పైకి కనిపించదు. అప్పటిదాకా బొమ్మ తయారు చేసేవాడు ఒకడు, చూపించేవాడు ఒకడు, పాఠం చెప్పేవాడు ఒకడు. పవర్‌పాయింట్‌తో ముగ్గురి పనీ లెక్చరర్ పెన్‌డ్రైవ్‌లోకి వచ్చి కూర్చుంది. ఆర్టిస్టు రిటైరయ్యాడు, మళ్లీ ఎవర్నీ వేయలేదు. డార్క్‌రూమ్ స్టోరు గది అయింది. నేను మిగిలాను, కేబుల్ సరిచేసేవాడిగా. "ఏమయ్యా, బొమ్మ రావట్లేదు" అని ఫోన్ వస్తే పరిగెత్తేవాణ్ణి. సగం సార్లు కేబుల్ వదులుగా ఉండేది. మిగతా సగం కరెంటు. ప్రొజెక్టరు బల్బు ఆరిపోయాక కూడా ఫ్యాను కాసేపు తిరిగి దాన్ని చల్లార్చాలి. కరెంటు ఠక్కున పోతే ఫ్యాను ఆగి, బల్బు ఆయుష్షు తగ్గిపోతుంది. యూపీఎస్ పెట్టించండి అని రాసిన కాగితం నేను ఉన్నన్నాళ్లూ టేబుళ్లు మారుతూనే ఉంది. ప్రొజెక్టరు కొనడానికి బడ్జెట్‌లో పద్దు ఉంటుంది. బల్బు కొనడానికి ఉండదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే మార్కాపురం దగ్గర రాయవరంలో ఒక ప్రభుత్వ వైద్య కళాశాల రావాలి కాబట్టి.

దాని కథలోకి వెళ్లేముందు ఒక పాత అన్యాయం. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. రెండేళ్లకు, 1974లో, చదువుల్లో స్థానికత మీద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. కర్నూలు శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వెళ్లింది. ప్రకాశం ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతంలోకి వెళ్లింది. అంటే వాన, నేల, బావి లోతు రాయలసీమవి. ప్రవేశాల్లో పోటీ మాత్రం కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల కోచింగులతో. గిద్దలూరు కుర్రాడికి నల్లమల ఘాటు దాటితే నంద్యాల, ఆ పక్కన కర్నూలు మెడికల్ కాలేజీ. కానీ అక్కడ అతను స్థానికేతరుడు. ఈ సంగతి ఎన్నికల ఉపన్యాసాల్లో అప్పుడప్పుడూ వస్తుంది. వైద్య విద్య మీద రాసే వ్యాసాల్లో చూడలేదు.

ఇక రాయవరం. 2021 మే 31న అప్పటి ముఖ్యమంత్రి 14 వైద్య కళాశాలలకు ఒకేసారి ఆన్‌లైన్‌లో శంకుస్థాపన చేశారు. అందులో మార్కాపురం ఒకటి. శంకుస్థాపన రాళ్లకు ఈ ప్రాంతంలో కొరత లేదు. వెలిగొండ ప్రాజెక్టుకి మొదటి రాయి 1996లో వేశారు. 2023 సెప్టెంబరులో కొత్త కళాశాలల్లో ఐదు మొదలయ్యాయి, వాటిలో ఘాటుకి అవతలి నంద్యాల ఉంది. మార్కాపురం ఆ తర్వాతి వరసలో ఉంది, అది మాత్రం మొదలు కాలేదు. గోడలు కొంత లేచాయి. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం పది కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యానికి ఇవ్వాలని నిర్ణయించింది. మార్కాపురం ఆ పదిలో ఉంది. ఇది ప్రైవేటీకరణ అని ఒక పక్షం, ఇలాగైతేనే త్వరగా పూర్తవుతుందని ఇంకో పక్షం. నా అభిప్రాయం అడిగితే, పేదవాడి ఆసుపత్రితో కలిసి ఉన్న కళాశాల ప్రభుత్వం చేతిలోనే ఉండాలి. కానీ నన్ను తొలిచే ప్రశ్న, ఎవరు నడిపినా అడగాల్సిన ప్రశ్న, వేరే ఉంది. తలుపులు తెరిచిన రోజున లోపల బోధన ఎలా జరుగుతుంది? ఎవరి చేతులతో?

నిబంధనలు ఏం కోరతాయో తెలిసిందే. 2019లో చేరిన బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌కి సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళిక వచ్చింది. పాఠం విన్నావా అని కాదు, పని చేయగలవా అని అడుగుతుంది. సూది వేయగలవా, కుట్టు వేయగలవా, ఆగిన గుండెను నొక్కగలవా. అందుకోసం 2020 నిబంధనల్లో స్కిల్ ల్యాబ్ తప్పనిసరి అయింది. రోగి మీద చేయి వేసే ముందు బొమ్మ మీద నేర్చుకోవాలి. ఇది మంచి మార్పు, అనుమానం లేదు. ఒకప్పుడు మొదటి సూది ఎవరి చేతికి గుచ్చేవారో ప్రభుత్వ ఆసుపత్రి జనరల్ వార్డులో పడుకున్నవాళ్లకు తెలుసు.

అయితే బొమ్మలకు కూడా ఊపిరి అయిపోతుంది. ఛాతీ నొక్కే బొమ్మలో గాలి సంచులు మార్చాలి. లోపలి స్ప్రింగు వదులైతే నొక్కుడు లోతు తప్పు చూపిస్తుంది. కుట్లు వేసే చర్మపు దిండు వందమంది కుట్టాక చిరుగుతుంది. ఒక చోట స్కిల్ ల్యాబ్ చూశాను. బొమ్మలన్నీ ప్లాస్టిక్ కవర్లలో, బీరువాలో, తాళం. పాడైతే ఎవరు జవాబు చెప్పాలి అన్నారు అక్కడి ఉద్యోగి, ఆయన తప్పేమీ లేదు, రిజిస్టరులో సంతకం ఆయనదే. విడిభాగాలకు డబ్బు లేని చోట తాళమే మరమ్మతు.

ఇంకో వైపు చూడండి. బోధకుల హాజరు కోసం మాత్రం సాంకేతికత క్షణం ఆగలేదు. వేలిముద్ర పోయి, 2025 మే 1 నుంచి ఆధార్‌తో ముడిపెట్టిన ముఖం హాజరు వచ్చింది. లేని అధ్యాపకులను కాగితం మీద చూపించే కళాశాలలు ఉన్నాయి కాబట్టి అది వచ్చింది, ఆ కారణం నాకు అర్థమవుతుంది. కానీ పాఠం చెప్పే మనిషి వచ్చాడా అని చూసే కెమెరాకు ఉన్న నిర్వహణ ఒప్పందం, అతను పాఠం చెప్పే ప్రొజెక్టరుకి ఉంటే బాగుండును.

2020 మార్చిలో కళాశాలలు మూసేసినప్పుడు ఈ లోటు అంతా ఒక్కసారి బయటపడింది. ఫోన్‌లో అనాటమీ. యర్రగొండపాలెం, దోర్నాల వైపు నుంచి చదువుకునే పిల్లలు సిగ్నల్ కోసం మేడెక్కి కూర్చునేవాళ్లు. ఎండలో ఫోన్ తెర మీద ఏమీ కనపడదు, నీడలోకి వస్తే సిగ్నల్ ఉండదు. లెక్చరర్లలో చాలామందికి తమ పాఠం రికార్డు చేసుకోవడం కూడా ఎవరూ నేర్పలేదు. పాండిచ్చేరి జిప్‌మర్‌లో వైద్య అధ్యాపకులకు బోధన నేర్పే జాతీయ కేంద్రం 1975లోనే మొదలైంది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత కూడా మన కళాశాలల్లో ఆ పని మూడు రోజుల వర్క్‌షాపు, ఒక సర్టిఫికెట్, గ్రూపు ఫోటోగానే మిగిలింది.

మార్కాపురానికి వస్తే, అక్కడ కొనాల్సిన పరికరాల జాబితా బెంగళూరు నుంచో ఢిల్లీ నుంచో ఎవరో కంపెనీ వాళ్లు రాసిచ్చేస్తారు. వేలితో తిప్పి చూసే డిజిటల్ శవం బల్ల కూడా ఉండవచ్చు. ఉండనివ్వండి. కానీ అందులో ఉన్న శరీరం ఎవరిది? పరాయి దేశపు, ఆరోగ్యంగా ఉన్న ఎముకలది. కనిగిరి నుంచి వచ్చిన యాభై ఏళ్ల మనిషి, నడుం పట్టేసింది సార్, మెడ తిరగట్లేదు అంటే, ఆ బల్లలో అతని వెన్నెముక లేదు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం చెబుతుంది. ఏ ఊరి బోరులో ఎంత ఉందో నీటి శాఖ రికార్డుల్లో ఉంటుంది, ఆ నీళ్లు తాగినవాళ్ల ఎక్స్‌రేలు ఆసుపత్రి గదుల్లో ఉంటాయి. రెండూ ఒక తరగతి గదిలో పక్కపక్కన పెట్టి చూపించడానికి కావాల్సింది ఒక స్కానరు, ఒక కంప్యూటరు, ఊరి పేరు ఉంచి రోగి పేరు తీసేసి భద్రపరిచే ఒక పద్ధతి, ఆ పని రోజూ చేసే ఒక మనిషి. మొదటి మూడూ తేలిక. నాలుగోది పోస్టు. మంజూరు కావాలి.

ఇది తొందరగా జరగాల్సిన పని కూడా. పాత ఎక్స్‌రే ఫిల్ముల్లో వెండి ఉంటుంది. ఆసుపత్రులు డిజిటల్ అవుతున్నకొద్దీ పాత ఫిల్ములను వేలంలో కిలోల లెక్కన కొనుక్కుపోతారు, కరిగించి వెండి తీసుకుంటారు. మా కాలేజీలో ఒక వేసవి సెలవుల్లో అలాగే ఒక లారీ వచ్చింది. మా సీనియర్ ముందురోజు సాయంత్రం ఆ గదిలోకి వెళ్లి, దీపం పెట్టెకు ఆనించి ఒక్కొక్కటీ చూసి, 60 ఫిల్ములు పక్కకు తీశారు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. అందులో మూడు ఫ్లోరోసిస్‌వి. ఒకటి ముంజేయి, రెండు ఎముకల మధ్య రంపపు పళ్లు స్పష్టంగా. అంచున సీసం అక్షరాలతో పడిన తేదీ, నంబరు ఉన్నాయి, ఊరు లేదు. ఆయన రిటైరయ్యాక ఆ కవరు నా డ్రాయరులోకి వచ్చింది. నేను ఉద్యోగం మానేసేటప్పుడు రేడియాలజీ విభాగంలో ఒక యువ అధ్యాపకురాలికి ఇచ్చాను. ఆవిడ ప్రతి ఏడాదీ మూడో సంవత్సరం వాళ్లకు వాటిని దీపం పెట్టె మీదే చూపిస్తున్నారట. స్కాన్ చేశారా అని అడిగితే, స్కానరు అడిగి రెండేళ్లయింది అన్నారు.